బానెట్ మీద నలుచదరం

ఇంట్లో అతన్ని అందరూ నిదానం అనే పిలిచేవారు. అసలు పేరు ఒకటి ఉందిగానీ, ఆ పేరుతో పిలిచి అతను పలికేదాకా ఆగితే పిలిచినవాళ్ళు వచ్చిన పని మర్చిపోయేవారు. దర్జీ దుకాణంలో చేరాడు. ఎవరో పిల్లవాడికి చొక్కా కుట్టడం పూర్తయ్యేసరికి ఆ పిల్లవాడికి నూనూగు మీసాలొచ్చాయి. ఫొటో స్టూడియోలో చేరాడు. అతను కెమెరా సరిచూసుకునేలోపు పెళ్ళికొడుకు నవ్వు కాస్తా నీరసించి ఏడుపులోకి దిగింది. ఆ ఫొటో చూసి పెళ్ళికూతురి తరఫువాళ్ళు బలవంతపు పెళ్ళేమోనని కంగారుపడ్డారు. కొరియర్ కుర్రాడిగా వెలగబెట్టిన నిర్వాకం చెప్పనే అక్కర్లేదు. ఒకావిడకి పుట్టినరోజు కానుక ఆ పై ఏడాది పుట్టినరోజుకి అందించి, సరిగ్గా సమయానికే తెచ్చానుగా అని వాదించాడు.

అలా ముప్పై దాటాక వచ్చి అక్క దగ్గర పడ్డాడు.

అక్కకి వీధి చివర ఒక రేకుల షెడ్డు ఉంది. కార్లు కడగడం, రంగు మీద గీతలు తీయడం, పాలిష్ పెట్టి అద్దంలా చేసి పంపడం ఆమె పని. బావ అదే వీధిలో నీళ్ళ పంపులు అమ్ముతాడు. బావ మంచివాడేగానీ, పంపుల గురించి మాట్లాడటం మొదలుపెడితే ఇక ఆపడు. పెళ్ళిచూపుల్లో కూడా పంపుల గురించే మాట్లాడాడనీ, ఆ ధాటికి తట్టుకోలేకే అక్క తొందరగా ఒప్పేసుకుందనీ ఇంట్లో ఒక మాట.

"పని నేర్చుకుంటే ఇక్కడ ఉంటావు. నేర్చుకోకపోతే మీ బావ దుకాణంలో కూర్చుంటావు" అంది అక్క మొదటిరోజే. నిదానం వెళ్ళి గుడ్డ అందుకున్నాడు.

నేర్చుకోవడం అంటే అక్క నేర్పడం కాదు. ఆమె నోటితో ఏదీ నేర్పదు. తప్పు చేసేదాకా చూసి, చేశాక తిడుతుంది. కింద పడిన గుడ్డ దులిపి దాంతోనే ఒక తెల్లకారు తలుపు తుడిచాడు. గుడ్డలో ఇరుక్కున్న ఇసుక రేణువు తలుపు పొడుగునా గీత గీసింది. ఆ తిట్లు విన్నాక కింద పడిన గుడ్డ అతనికి మళ్ళీ గుడ్డలా కనబడలేదు, పాములా కనబడింది. పాలిష్ మెషిన్ మొదటిసారి చేతికిచ్చినప్పుడు దాన్ని గాల్లోనే తిప్పాడు. తిరిగే ప్యాడ్ మీదున్న పాలిష్ ముద్ద సగం అతని మొహానికీ, సగం పైకప్పు రేకులకీ, మిగిలింది అప్పుడే టీ గ్లాసుతో లోపలికి వచ్చిన బావకీ అంటుకుంది. ప్యాడ్‌ని రంగుకి ఆనించాకే స్విచ్ నొక్కాలని ఆ రోజు ముగ్గురికీ తెలిసింది. బావకి ఆ విద్యతో పనిలేదుగానీ, అయినా తెలిసింది.

అన్నిటికన్నా పెద్ద చదువు పాత బానెట్ దగ్గర జరిగింది. తుక్కు దుకాణం నుంచి అక్క ఒక ఎర్ర బానెట్ తెచ్చి బల్లమీద పడేసింది. కారు రంగు మీద గాజులాంటి పైపూత ఒకటుంటుంది. గీతలుండేది అందులోనే, పాలిష్ అరగదీసేదీ దాన్నే. అది మధ్యలో మందంగా, అంచుల్లో పల్చగా ఉంటుంది. ఆ సంగతి నిదానానికి తెలియదు. ఉత్సాహం కొద్దీ అంచుమీద మెషిన్ నిలబెట్టాడు. కాసేపటికి పైపూత పోయింది, ఎరుపు పోయింది, కింద బూడిదరంగు అస్తరు బయటపడి బానెట్‌కి పుండు లేచినట్టయింది.

"ఇప్పుడు తెలిసిందా?" అంది అక్క.

"తెలిసిందక్కా."

"ఎక్కడ తెలిసింది?"

నిదానం తల గోక్కుని, అరచెయ్యి చూపించాడు. కాలబోయే ముందు రేకు వేడెక్కడం చేతికి తగిలింది, కానీ దానర్థం అప్పుడు తెలియలేదు. అక్క ఆ జవాబుకి మాత్రం తిట్టలేదు.

ఆ తర్వాత అతనికి పాలిష్ పిచ్చి పట్టుకుంది. ఇంట్లో ఫ్రిజ్‌కి పాలిష్ పెట్టాడు. బీరువాకి పెట్టాడు. స్కూటరు హెల్మెట్‌కి పెట్టాడు. మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చే అలవాటున్న బావ, తన బట్టతల వైపు బావమరిది ఆలోచనగా చూడటం గమనించి, తువ్వాలు చుట్టుకుని పడుకోవడం మొదలుపెట్టాడు.

ఇంత చేసినా, కస్టమరు కారు మీద మాత్రం అక్క అతన్ని మెషిన్ పెట్టనివ్వలేదు. చక్రాలు కడగటం, గుడ్డలు ఉతకడం, ఆమె పాలిష్ పెడుతుంటే వైరు కాళ్ళకి అడ్డం రాకుండా పట్టుకోవడం, ఇంతే. ఈలోగా షెడ్డుకి పని పెరిగింది. ఒకరోజు అక్క అన్నం తింటూ మామూలు మాటలా చెప్పేసింది.

"ఎల్లుండి ఒకతను వస్తున్నాడు. పెద్ద వర్క్‌షాపులో చేసిన మనిషట, చెయ్యి చాలా స్పీడట."

స్పీడ్ అన్న మాట నిదానానికి ముల్లులా గుచ్చుకుంది. "మరి నేనక్కా?"

"రేపు పళ్ళ డాక్టరు గారి కారు ఉంది. నల్ల కారు, కవరు కప్పి ఉంటుంది. వాళ్ళింటికే వెళ్ళి చెయ్యాలి. నువ్వొక్కడివే వెళ్ళు. సాయంత్రం వచ్చి చూస్తాను. బాగుంటే ఆ వచ్చేవాణ్ణి వద్దంటాను. లేకపోతే..."

"పంపుల్లో రెండు రకాలు ఉంటాయోయ్" అన్నాడు బావ ఆప్యాయంగా, పెరుగు కలుపుకుంటూ.

మర్నాడు పొద్దున్నే మెషిన్ భుజాన వేసుకుని, బకెట్లు పట్టుకుని నిదానం బయల్దేరాడు. డాక్టరు గారిల్లు ఒక అపార్ట్‌మెంట్‌లో కింది అంతస్తు. ముందుగదిలోనే ఆస్పత్రి. లోపల్నుంచి పళ్ళు తొలిచే మెషిన్ చప్పుడూ, దాని వెనకే ఎవరిదో మూలుగూ వినిపిస్తున్నాయి. అలాంటప్పుడు పిలవడం మర్యాద కాదనిపించింది. గేటు దగ్గర కునుకు తీస్తున్న వాచ్‌మన్‌ని అడిగాడు.

"కవరు కప్పిన నల్ల కారు ఎక్కడుంటుంది?"

వాచ్‌మన్ కళ్ళు తెరవకుండా గడ్డంతో పార్కింగ్ వైపు చూపించాడు. అక్కడ కవరు కప్పిన కారు ఒకటే ఉంది. కవరు తీస్తే కారు నల్లగానే ఉంది, అంటే ఒకప్పుడు నల్లగా ఉండేదని గట్టిగా నమ్మితే ఉంది. పళ్ళు ఇంత శుభ్రంగా చూసుకునే మనిషి కారు ఇలా ఎందుకుంచుకున్నాడా అనుకున్నాడుగానీ, డాక్టర్లకి తీరికుండదు కదా అని సర్దిచెప్పుకున్నాడు.

ఇక పనిలోకి దిగాడు. సబ్బునీళ్ళకో బకెట్టు, గుడ్డ జాడించడానికో బకెట్టు. కారంతా కడిగి ఆరబెట్టాడు. చేతికి పల్చటి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని బానెట్ మీద రాశాడు. అలా రాస్తే కంటికి కనబడని గరుకు కూడా వేళ్ళకి తెలుస్తుంది. బంకమట్టి లాంటి ముద్దతో రుద్ది ఆ గరుకు తీశాడు. తర్వాత, అక్క ప్రతి కారుకీ ముందు చేసే పని చేశాడు. బానెట్ మధ్యలో రెండు అరచేతులంత మేర చుట్టూ టేపు అంటించి, లోపల మాత్రం పాలిష్ పెట్టాడు. ఏ ప్యాడు, ఏ ముద్ద ఆ రంగుకి నప్పుతాయో ఆ కాస్త చోట చూసుకుని, అప్పుడు మిగతా కారు మీదికి వెళ్ళాలి.

తుడిచి టేపు పీకాడు. అంతే, నోరు తెరుచుకుని ఉండిపోయాడు.

వెలిసిన గొడుగులాంటి ఆ బానెట్ మధ్యలో నల్లటి నలుచదరం ఒకటి నిగనిగలాడుతోంది. పార్కింగ్ పైకప్పు, ట్యూబులైటు, దాని మీద బల్లి, బల్లి తోక, అన్నీ అందులో ఉన్నాయి. ఇది తన చెయ్యే చేసిందా అని చెయ్యి తిప్పి చూసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే డాక్టరు బయటికొచ్చాడు. ఆయనకొక అలవాటుంది. రోజూ నోళ్ళు తెరుచుకున్నవాళ్ళతోనే మాట్లాడతాడు కాబట్టి ప్రశ్నలు అడుగుతాడేగానీ జవాబు కోసం ఆగడు.

"పాలిషక్క పంపిన అబ్బాయివేనా? మంచిది. ఇంకా మొదలుపెట్టలేదేం? నా కారు గేటు బయట ఎండలో ఉంది చూడు. కవరు పిల్లి చింపేసిందిలే. ఇదెందుకు కడిగావు? ఇది పై అంతస్తు లెక్కల మాస్టారిది కదా?"

నిదానానికి పైప్రాణాలు పైనే పోయాయి. ఏ కారు మీద చెయ్యి వేసేముందైనా ఓనరుని అడగాలన్నది అక్క షెడ్డులో అన్నిటికన్నా చిన్న నియమం. సరిగ్గా అక్కడే పప్పులో కాలేశాడు.

"మాస్టారు కారు కడగనివ్వరండీ. దుమ్ము ఉంటేనే రంగు కాపాడుతుందని ఆయన సిద్ధాంతం" అన్నాడు వాచ్‌మన్, ఇప్పుడు రెండు కళ్ళూ తెరిచి. "పోయినసారి ఒకడు అద్దం తుడిచాడని సాయంత్రందాకా క్లాసు పీకారు. వాడు ఏడ్చాడు కూడా."

"ఇప్పుడెలాగండీ?" అన్నాడు నిదానం.

"ఏముంది, కాస్త మట్టి పులిమెయ్" అని వాచ్‌మన్ నేలమీద ఉన్న గుడ్డ అందించాడు. నిదానం ఒక్క గెంతులో వెనక్కి దూకాడు. జీవితంలో అతను అంత వేగంగా చేసిన పని మరొకటి లేదు.

డాక్టరు నవ్వాడు. "అదంతా ఎందుకయ్యా? కవరు కప్పెయ్. ఆయన మోకాళ్ళ నొప్పులతో కారు తీయడం మానేశాడుగా. సాయంత్రం ఒకసారి దిగుతాడు, వెనక కవరు కొస ఎత్తి నంబరు ప్లేటు ఉందో లేదో చూసుకుంటాడు, వెళ్ళిపోతాడు. ముందువైపు ఎప్పుడు చూశాడు కనక? కప్పేసి నా కారు మొదలుపెట్టు." జవాబు కోసం ఆగకుండా లోపలికి వెళ్ళిపోయాడు.

మాట సబబుగానే ఉంది. ఎవరికీ తెలియదు. సాయంత్రానికి డాక్టరు గారి కారు అయిపోతుంది, అక్క చూస్తుంది, స్పీడు మనిషి రాడు. నిదానం కవరు కప్పేశాడు. అంచులు లాగి తాళ్ళు కట్టాడు. బకెట్లు తీసుకుని గేటు బయటికి వెళ్ళి, డాక్టరు కారు ముందు చతికిలబడ్డాడు.

చక్రం మీద నీళ్ళు పోశాడు. చక్రంలో నలుచదరం కనబడింది. కళ్ళు మూసుకున్నాడు. ఇంకా బాగా కనబడింది. మంగలి ఒక చెంప గీసి, రెండో చెంప అలాగే వదిలేసి, పైన మఫ్లరు చుట్టి పంపించేస్తే ఎలా ఉంటుంది? ఎవరికీ కనబడకపోవచ్చు. కానీ ఆ మంగలికి రాత్రి నిద్ర పడుతుందా? నిదానానికి ఏడుపొచ్చింది. ఆ కవరు కింద తను చేసిన మొట్టమొదటి మంచిపని, మిగతా కారంతటినీ మురికిగా చేసి కూర్చుంది. పంపుల దుకాణం కళ్ళముందు మెదిలింది. బావ గొంతు చెవిలో జోరీగలా వినబడింది. అయినా లేచి లోపలికి వెళ్ళి కవరు లాగి పారేశాడు.

చకచకా ఇది ముగించేసి అదీ చేసేద్దామనుకున్నాడు. చకచకా అట, నిదానమట!

బానెట్ అయింది. తర్వాత పైభాగం, తలుపులు, డిక్కీ. అంచులకీ, పిడుల చుట్టూ టేపు అంటించాడు. ముద్ద ఆరిపోతే మెషిన్ గొంతు మారుతుంది, అది విని ఆపాడు. రేకు వెచ్చబడితే అరచేతికి ముందే తెలిసిపోయింది, పక్కకి జరిగాడు. పక్కనుంచి తిట్టేవాళ్ళు లేకపోయినా చెయ్యి తప్పు చేయడం లేదని మధ్యాహ్నానికెప్పుడో గ్రహించాడు. ఎంత సంతోషం వేసిందంటే, అన్నం సంగతే మర్చిపోయాడు. కారులోంచి ఒక్కొక్క గీతా మాయమైపోయి నలుపు లోతుగా, ఇంకా లోతుగా దిగుతోంది.

ఆస్పత్రికొచ్చినవాళ్ళు ముందు ఆగి చూశారు. తర్వాత దగ్గరికొచ్చారు. ఒక పెద్దమనిషి నోట్లో దూదితో వచ్చి, కారు తలుపులో పన్ను పీకిన చోటు చూసుకున్నాడు. అది చూసి ఇంకొకావిడ పుచ్చుపన్ను చూసుకుంది. కాసేపటికి మాస్టారి కారు పక్కన జనం నోళ్ళు తెరుచుకుని వరసగా నిలబడ్డారు. డాక్టరు చికిత్సకి పిలిస్తే "ఉండండి, ఇక్కడ బాగా కనబడుతోంది" అన్నారు.

పొద్దు వాలుతుండగా మాస్టారు కర్ర పట్టుకుని మెట్లు దిగారు. అలవాటు ప్రకారం కవరు కొస కోసం వంగారు. కవరు లేదు. నంబరు ప్లేటు చూశారు. తలెత్తి కారు చూశారు. మళ్ళీ ప్లేటు చూశారు.

"దొంగలు!" అని కేక పెట్టారు.

నిదానం గుడ్డ గుండెలకి హత్తుకుని నిలబడిపోయాడు.

"నంబరు నాదే. కారు నాది కాదు. నా కారు బూడిదరంగు. కాబట్టి ఏమైంది? నా కారు ఎత్తుకుపోయి, దాని ప్లేటు తీసి ఈ దొంగకారుకి తగిలించారు. ఇంతకన్నా తేలికైన లెక్క ఇంకోటి లేదు!"

"మీ కారు మొదట్లో నలుపే కదండీ మాస్టారూ" అన్నాడు వాచ్‌మన్.

"నిరూపించు!"

చుట్టూ ఉన్నవాళ్ళు తాళం పెట్టి చూడమన్నారు. తాళం పట్టింది. "తాళాలు కూడా మార్చేశారన్నమాట. పెద్ద ముఠాయే" అన్నారు మాస్టారు.

ఆ గలభాలో అక్క స్కూటరు దిగింది. గేటు బయట ఎండకి ఎండి, దుమ్ము కొట్టుకుని, ఒక్క చక్రం మాత్రం తడిసి ఉన్న డాక్టరు కారు చూసింది. లోపల అరుస్తున్న ముసలాయన్ని చూసింది. కారులో పళ్ళు చూసుకుంటున్న జనాన్ని చూసింది. చివరికి తమ్ముణ్ణి చూసింది.

"ఏంట్రా ఇది?"

నిదానం ఉన్నదున్నట్టు చెప్పేశాడు. అడగకుండా మొదలుపెట్టడం, నలుచదరం, కవరు, అన్నీ. నిదానంగానే చెప్పాడు. మధ్యలో మాస్టారు కూడా కేకలాపి వినడం మొదలుపెట్టారు.

"కవరు కప్పేశావుగా. అలా వదిలేసి డాక్టరు గారి కారు చేసుంటే నీ ఉద్యోగం నీకుండేది కదా?" అంది అక్క.

"తెలుసక్కా."

"మరి?"

"ఉండలేకపోయాను."

అక్క సంచిలోంచి టార్చి తీసి కారు చుట్టూ తిరిగింది. వంగి చూసింది, పక్కనుంచి చూసింది, వేళ్ళ వెనక భాగంతో తలుపు మీద రాసి చూసింది. ఆమె తిట్టకుండా ఇంతసేపు గడపడం నిదానం పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. డిక్కీ అంచు దగ్గర టార్చి ఆగింది.

"ఇక్కడ ఒక గీత వదిలేశావేం?"

"అది లోతుగా ఉందక్కా. అంచుమీద ఉంది. తీయొచ్చుగానీ, తీస్తే రంగు ఉండదు. చేతికి తెలిసిపోయింది."

అక్క టార్చి ఆర్పింది. ఫోన్ తీసి ఎవరికో చేసింది. అందరూ వింటుండగానే మాట్లాడింది.

"రేపు రానక్కర్లేదండీ. మనిషి దొరికాడు... లేదండీ, స్పీడేం లేదు. బొత్తిగా లేదు... బుర్ర కూడా అంతంతమాత్రమే, ఎవరి కారో కనుక్కోకుండా మొదలుపెట్టే రకం... ఆఁ, అయినా వీడే. చెయ్యి కుదిరిందండీ వీడికి. నాకన్నా బాగా కుదిరింది."

ముప్పై ఏళ్ళు దాటిన మగాడు నలుగురి ముందు ఏడిస్తే బాగుండదని నిదానం మొహం దాచుకోవడానికి గిరుక్కున కారు వైపు తిరిగాడు. బానెట్‌లో అతని మొహం, ముక్కు, బుగ్గల మీద జారుతున్న కన్నీళ్ళు, వెనకాల అక్క, డాక్టరు, వాచ్‌మన్, నోట్లో దూదితో పెద్దమనిషి, అందరూ స్పష్టంగా కనబడ్డారు. అతన్ని అందరూ చూశారు. ఒక కన్నీటి చుక్క జారి గడ్డం కొసన ఆగింది.

"అబ్బాయ్, వెనక్కి జరుగు!" అని మాస్టారు కర్ర విసిరేసి, మోకాళ్ళ నొప్పులు కూడా మర్చిపోయి పరిగెత్తుకొచ్చారు. "నా కారు మీద కారుస్తావేంటి? మరక పడుతుంది!"